పదకొండుకే గేమ్ అయిపోతే అదేం ఆట? టీవీ కోసం మారిన రూల్స్ గురించి

చివరి_బెంచి అడుగుతున్నారు:

మా ఇంట్లో ఎప్పటి నుంచో నలుగుతున్న గొడవ ఇది. నాన్న కుర్రతనంలో టేబుల్ టెన్నిస్ బాగా ఆడేవారట. ఇప్పుడు ఒలింపిక్స్‌లో మ్యాచ్ వస్తుంటే పక్కన కూర్చుని ఒకటే సణుగుడు. "పదకొండుకే గేమ్ అయిపోవడమేంటి? చెమట పట్టేలోపే టవల్ తీసుకుంటున్నారు. ఇదంతా టీవీ వాళ్ళ కోసం చేసిన పని" అంటారు. బ్యాడ్మింటన్ పెట్టినా అదే మాట, వాలీబాల్ పెట్టినా అదే మాట. టెన్నిస్ ఒక్కటే ఆయన దృష్టిలో చెడిపోకుండా మిగిలింది, అదీ ఐదో సెట్‌కి టైబ్రేకర్ (సెట్ సమంగా సాగుతుంటే కొన్ని పాయింట్లతోనే తేల్చేసే పద్ధతి) పెట్టేదాకా.

నాకు ఊహ తెలిసేసరికే ఇవన్నీ కొత్త పద్ధతిలోకి వచ్చేశాయి. ఆయన అంటున్నదేంటో చూద్దామని యూట్యూబ్‌లో 1990ల నాటి వాలీబాల్ మ్యాచ్ ఒకటి పెట్టాను. ర్యాలీ మీద ర్యాలీ అవుతోంది, స్కోరు మాత్రం కదలదు. బోర్డు చెడిపోయిందేమో అనుకున్నాను.

నిజంగా టీవీ కోసమే మారినవి ఏవి? పాత పద్ధతి పోవడం వల్ల నాలాంటివాళ్ళకి తెలియకుండా పోయినదేమైనా ఉందా? "అప్పట్లో ఆట ఆటలా ఉండేది" అనే మాట ఇంట్లో రోజూ వింటున్నాను కాబట్టి అది వద్దు. ఆడినవాళ్ళు, రిఫరీలుగా చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా చెప్పండి.

---

తెల్లబంతి:

టీవీ కోసం మారడంలో క్రికెట్ ముందు మిగతా ఆటలన్నీ చిన్నపిల్లలు. ఆస్ట్రేలియాలో కెర్రీ ప్యాకర్ తన చానల్ నైన్‌కి మ్యాచ్‌ల హక్కులు అడిగాడు, బోర్డు ఇవ్వనంది. ఆయన 1977లో ఏకంగా ఆటగాళ్ళనే తనవైపు లాక్కుని వరల్డ్ సిరీస్ క్రికెట్ అని సొంత దుకాణం తెరిచాడు. ఫ్లడ్‌లైట్లు, తెల్ల బంతి, రంగు బట్టలు జనానికి అలవాటైంది అక్కడే. పిచ్‌కి రెండు వైపులా కెమెరాలు పెట్టించిందీ ఆయనే. అంతకుముందు ఒకే వైపు నుంచి చూపించేవాళ్ళు, అంటే ఒక ఓవర్లో బ్యాట్స్‌మన్ మొహం, తర్వాతి ఓవర్ అంతా అతని వీపు.

1979లో రాజీ కుదిరి హక్కులు ప్యాకర్‌కే దక్కాయి. అప్పటిదాకా ఆస్ట్రేలియాలో ఓవర్‌కి 8 బంతులు. 1979-80 సీజన్ నుంచి 6. యాడ్ పడేది ఓవర్‌కీ ఓవర్‌కీ మధ్యనే. లెక్క మీరే వేసుకోండి.

అయినా నాకేం కోపం లేదు. టీవీ పుణ్యమా అని వచ్చినవాటిలో థర్డ్ అంపైర్‌కి మాత్రం రెండు చేతులా దండం పెడతాను. 1992 నవంబర్‌లో డర్బన్ టెస్టులో రీప్లే చూసి ఔటిచ్చిన మొట్టమొదటి బ్యాట్స్‌మన్ మన సచినే, రనౌట్. అంతకుముందు అలాంటి రనౌట్లు ఎన్ని బతికిపోయాయో, ఎన్ని అన్యాయంగా పోయాయో ఎవడికి తెలుసు.

---

రెండో_రిఫరీ:

నేను వాలీబాల్ ఆడాను, ఆ తర్వాత చాలాకాలం రిఫరీగా నిలబడ్డాను, స్కోర్‌షీట్ కూడా రాశాను. పాత పద్ధతీ కొత్త పద్ధతీ రెండూ నా చేతిమీదుగా వెళ్ళాయి. మీరు చూసిన బోర్డు బాగానే ఉందండీ.

పాత పద్ధతిలో సెట్ 15 పాయింట్లకి. కానీ సర్వీస్ చేస్తున్న జట్టుకే పాయింట్. అవతలివాళ్ళు ర్యాలీ గెలిస్తే వాళ్ళకి దక్కేది సర్వీస్ మాత్రమే, దాన్నే సైడ్ అవుట్ అనేవాళ్ళం. ఇక్కడ వాలీబాల్ కిటుకు ఒకటి తెలియాలి. ఈ ఆటలో సర్వీస్ చేసేవాడిది పైచేయి కాదు. బంతి అందుకున్న జట్టుకే మొదట కొట్టే అవకాశం: రిసీవ్, లిఫ్ట్, స్మాష్. మంచి జట్లు తలపడితే ఎక్కువ ర్యాలీలు అందుకున్నవాళ్ళే గెలుస్తారు. కాబట్టి పాయింట్ కావాలంటే కష్టమైన పనే చేయాలి. అవతలివాడి స్మాష్‌ని బ్లాక్‌తోనో డిఫెన్స్‌తోనో ఆపి, బంతి మళ్ళీ లేపి, మనం కొట్టాలి. రెండు జట్లూ సమానంగా ఉన్నాయంటే సర్వీస్ అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిరుగుతూనే ఉంటుంది, స్కోరు 9-8 దగ్గరే కూర్చుంటుంది. మీరు చూసింది అదే.

దీనివల్ల మ్యాచ్ గంటలో ముగియొచ్చు, మూడు గంటలు దాటొచ్చు. చానల్ వాడికి మ్యాచ్ పొడుగ్గా ఉన్నా ఫర్వాలేదు, ఎప్పుడు ముగుస్తుందో తెలియకపోతేనే టెన్షన్. తర్వాతి కార్యక్రమం ఎన్నింటికని వేస్తాడు? అప్పట్లో అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌ఐవీబీ అధ్యక్షుడు రూబెన్ అకోస్టా. ఆట టీవీలో కనిపించాలన్న పట్టుదల ఆయనకి బాగా ఉండేది. ఐదో సెట్‌కి 1980ల చివర్లోనే ప్రతి ర్యాలీకీ పాయింట్ పెట్టారు. 1998లో మిగతా నాలుగు సెట్లకీ అదే పద్ధతి ఖాయం చేసి, సెట్‌ని 25 చేశారు. వేరే రంగు జెర్సీతో వెనక వరసలో తిరిగే లిబెరో కూడా అప్పుడే వచ్చాడు. స్మాషర్ల బలం మరీ పెరిగి ర్యాలీలు రెండు తాకిళ్ళలో అయిపోతుంటే, బంతిని లేపడానికే ఒకణ్ణి పెట్టారన్నమాట.

ఇక పోయినదేమిటి. అన్నిటికంటే ముందు, వెనకబడి లేచి రావడం. పాత పద్ధతిలో 14-5తో ముందున్న జట్టు సెట్ ముగించాలంటే తన సర్వీస్‌లోనే ర్యాలీ గెలవాలి. వెనకబడ్డ జట్టు సైడ్ అవుట్ చేస్తున్నంతసేపూ చావదు. అలా చావకుండా నిలబడి, ఒక్కో పాయింటూ లాక్కుంటూ 14-14 దాకా వచ్చిన సెట్లు నా కళ్ళ ముందే జరిగాయి. ఇప్పుడు 24-15 అయిందంటే ముందున్న జట్టుకి ఒక్క రిసీవ్, ఒక్క స్మాష్ చాలు. బ్యాగులు సర్దుకోవచ్చు.

రెండోది సర్వీస్. అప్పట్లో జంప్ సర్వీస్ నెట్‌లోకి కొడితే సర్వీస్ పోయేది, అంతే. ఇప్పుడు అవతలివాడికి పాయింట్. దాంతో అందరూ జాగ్రత్తగా వేస్తారనుకున్నారు. జరిగింది తలకిందులు. మెల్లగా వేస్తే వాడు చక్కగా రిసీవ్ చేసి స్మాష్ కొట్టి ఎలాగూ పాయింట్ తీసుకుంటాడు, అలాంటప్పుడు ప్రాణం పెట్టి కొట్టడమే మేలు కదా. అందుకే పెద్ద స్థాయి మగవాళ్ళ మ్యాచ్‌లో సర్వీసులు వరసగా నెట్‌లోనో బయటో పడటం చూస్తుంటాం. నాకది విసుగు. ఆడవాళ్ళ మ్యాచ్‌లే చూడబుద్ధేస్తుంది, ర్యాలీ నిలబడుతుంది.

ఇంకొకటి, నెట్ తగిలి అవతల పడిన సర్వీస్ అప్పట్లో ఫౌల్. ఇప్పుడు ఆట సాగుతుంది. దీనికి మాత్రం నా మనసు ఇప్పటికీ ఒప్పుకోదు. నెట్ అంచుకి తగిలి టప్పున జారిపడే బంతిలో ఎవరి గొప్పతనం ఉందని పాయింట్ ఇవ్వాలి? విజిల్ ఊదబోయి ఆపుకోవడం అలవాటయ్యేదాకా మాకు నరకం.

బాగుపడినవీ లేకపోలేదు. ఇప్పుడు ఏ ర్యాలీనీ వదిలేయడానికి లేదు, ప్రేక్షకుడు నిద్రపోవడానికీ లేదు. లైన్ దగ్గర జెండా పట్టుకుని నిలబడే కుర్రాళ్ళని అడిగితే కొత్త పద్ధతికే ఓటేస్తారు.

మీ నాన్నగారి టేబుల్ టెన్నిస్ సంగతి. నేను ఆ ఆటలో రిఫరీని కాను, అభిమానిని. 21 పోయి 11 వచ్చింది 2001లో. అంతకు ఏడాది ముందు, సిడ్నీ ఒలింపిక్స్ అయ్యాక, బంతిని 38 మిల్లీమీటర్ల నుంచి 40కి పెంచారు. పెద్ద బంతికి గాలి ఎక్కువ అడ్డొస్తుంది, వేగం, స్పిన్ రెండూ కాస్త తగ్గుతాయి, ర్యాలీ పెరుగుతుంది, తెర మీద బంతి కంటికి ఆనుతుంది. నన్నడిగితే పదకొండు కంటే ఇదే అసలైన టీవీ మార్పు. గేమ్ చిన్నదైనా మ్యాచ్ అంతగా చిన్నదవలేదు, గేముల సంఖ్య పెంచారు, పెద్ద మ్యాచ్‌లో నాలుగు గేములు గెలవాలి. మారింది ఒత్తిడి. 21లో 5-1తో వెనకబడితే ఇంకా ఆట మొదలవలేదన్నట్టు ఉండేది. 11లో 5-1 అంటే కోచ్ లేచి నిలబడతాడు.

2002లో వచ్చిన ఇంకో రూల్ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. సర్వీస్ చేసేటప్పుడు చేయిగానీ ఒళ్ళుగానీ అడ్డం పెట్టి బంతిని దాచకూడదు. అంతకుముందు బ్యాట్ బంతిని ఎలా కోసిందో అవతలివాడికి కనిపించకుండా దాచేసేవాళ్ళు. ప్రపంచస్థాయి ఆటగాడు చూడ్డానికి తేలిగ్గా ఉన్న సర్వీస్‌ని తీసుకెళ్ళి నెట్‌లో కొట్టేవాడు. ఇంట్లో చూసేవాడికి అదేమిటో బోధపడేది కాదు. మీ నాన్నగారిని ఒకసారి అడిగి చూడండి, ఆయన సర్వీస్ బలం ఎక్కడుండేదో. కోపం పదకొండు మీద కాకపోవచ్చు.

---

బేస్‌లైన్:

పై సమాధానం బాగుంది గానీ, టెన్నిస్ టైబ్రేకర్‌ని కూడా టీవీ ఖాతాలో వేస్తే ఒప్పుకోను. దాన్ని కనిపెట్టింది జిమ్మీ వాన్ అలెన్. న్యూపోర్ట్‌లో టెన్నిస్ హాల్ ఆఫ్ ఫేమ్ పెట్టించిన పెద్దమనిషి. ఆయనకి టీవీతో పని లేదు, ఎంతకీ తెగని సెట్లంటే చిరాకు, అంతే. ఏళ్ళ తరబడి చెబుతుంటే ఎవరూ పట్టించుకోలేదు. 1969 వింబుల్డన్‌లో 41 ఏళ్ళ పాంచో గొంజాలెస్, చార్లీ పాసరెల్ మీద 22-24, 1-6, 16-14, 6-3, 11-9తో గెలిచాడు. మొత్తం 112 గేములు, రెండు రోజులు. మరుసటి ఏడాదే యూఎస్ ఓపెన్ టైబ్రేకర్ తెచ్చింది. 1971లో వింబుల్డన్ కూడా 8-8 దగ్గర పెట్టింది, 1979లో దాన్ని 6-6కి దించింది.

వింబుల్డన్‌లో ఐదో సెట్‌ని మాత్రం వదిలేశారు. దాని ఫలితం 2010లో ఇస్నర్, మహు చూపించారు. ఐదో సెట్ 70-68. మ్యాచ్ 11 గంటల 5 నిమిషాలు, మూడు రోజులు. కోర్టులో ఉన్న స్కోరు బోర్డు 47-47 దగ్గర ఆగిపోయింది, అంతకు మించి వెళ్తుందని దాన్ని తయారుచేసినవాళ్ళు అనుకోలేదు. గెలిచిన ఇస్నర్ తర్వాతి రౌండ్‌లో 6-0, 6-3, 6-2తో చిత్తయ్యాడు. మీ నాన్నగారు ఆ మ్యాచ్‌ని మెచ్చుకునేవారైతే ఈ తర్వాతి మ్యాచ్ కూడా చూపించండి. 2018 సెమీఫైనల్లో మళ్ళీ ఇస్నరే, ఈసారి ఆండర్సన్ చేతిలో 26-24తో ఓడాడు. అలా గెలిచిన ఆండర్సన్ ఫైనల్‌కి నీరసంగా వచ్చి వరస సెట్లలో ఓడిపోయాడు. 2019లో వింబుల్డన్ 12-12 దగ్గర టైబ్రేకర్ పెట్టింది, 2022 నుంచి నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలోనూ 6-6 దగ్గర పది పాయింట్ల టైబ్రేకరే. ఇది ఆటగాళ్ళ ఒంటిని కాపాడిన రూల్.

టెన్నిస్‌లో అచ్చంగా టీవీ కోసం వచ్చింది పసుపు బంతి. కలర్ టీవీలో తెల్ల బంతి సరిగా ఆనడం లేదని 1972లో రూల్స్‌లో చేర్చారు. చిత్రమేంటంటే, 1967లోనే కలర్‌లో ప్రసారమైన వింబుల్డన్ 1986 దాకా తెల్ల బంతినే పట్టుకుని వేలాడింది.

---

చివరి_బెంచి:

రెండో_రిఫరీ గారూ, సర్వీస్ గురించి నాన్నని అడిగాను. ఏమీ అనకుండా టీవీ సౌండ్ పెంచారు. సమాధానం దొరికినట్టే అనుకుంటున్నాను.

బేస్‌లైన్ గారు చెప్పింది చదివాక ఇంకో అనుమానం. టీవీ ఊసే లేకుండా, ఆట మరీ సాగిపోతోందనో చచ్చుగా తయారైందనో రూల్ మార్చిన సందర్భాలు ఇంకా ఉన్నాయా? వాటిని ముందు పెడితే నాన్నతో వాదన కాస్త ముందుకి వెళ్తుంది.

---

తెల్లబంతి:

1939, మళ్ళీ డర్బనే. దక్షిణాఫ్రికా, ఇంగ్లండ్ మధ్య టైమ్‌లెస్ టెస్ట్, ఫలితం తేలేదాకా ఆడాలి. ఇంగ్లండ్ లక్ష్యం 696. పదో రోజుకి 5 వికెట్లకు 654 కొట్టారు, వాన పడింది, ఇంటికెళ్ళే ఓడకి టైమైంది, డ్రా అన్నారు. ఇంకో 42 పరుగులు! టీవీ లేదు, యాడ్ లేదు, ఓడ ఉంది. టైమ్‌లెస్ టెస్ట్ మళ్ళీ ఆడలేదు.

---

రెండో_రిఫరీ:

ఓడ కథ బాగుంది, మీ నాన్నగారికి ముందు అదే చెప్పండి.

బేస్‌లైన్ గారితో నాకు పేచీ లేదు. పైగా ఆయన చెప్పింది చదువుతుంటే ఒకటి తట్టింది. వాలీబాల్‌లో సర్వీస్ చేసేవాడు గెలవలేక స్కోరు ఆగిపోయేది. టెన్నిస్‌లో సర్వీస్ చేసేవాడే గెలుస్తూ పోయి సెట్ ఆగిపోయేది. జబ్బు ఒకటే, మందులు వేరు. బ్యాడ్మింటన్‌ది వాలీబాల్ జబ్బే. అప్పట్లో సర్వీస్ నడుం కిందనుంచి పైకి కొట్టాల్సి వచ్చేది కాబట్టి దాంతో ఒరిగేదేమీ ఉండేది కాదు, పాయింట్ మాత్రం సర్వీస్ చేసినవాడికే. 2006లో వాళ్ళూ ప్రతి ర్యాలీకీ పాయింట్ పెట్టి 21కి మార్చుకున్నారు.

టీవీ ప్రమేయం పెద్దగా లేనిది అడిగారు కాబట్టి బాస్కెట్‌బాల్ చూడండి. 1950 నవంబర్‌లో ఎన్‌బీఏలో ఫోర్ట్ వేన్ పిస్టన్స్ జట్టు మినియాపొలిస్ లేకర్స్ మీద గెలిచింది. స్కోరు 19-18. సరిగానే చదివారు, మ్యాచ్ మొత్తానికి 37 పాయింట్లు. లేకర్స్‌లో జార్జ్ మైకన్ అనే భారీ మనిషి ఉన్నాడు, అతనికి బంతి దొరికితే కష్టం, అందుకని అసలు బంతి వదలకుండా చేతుల్లో పెట్టుకుని నిలబడ్డారు. రూల్ ప్రకారం తప్పేమీ లేదు. టికెట్ కొన్నవాళ్ళు మాత్రం తిట్టుకున్నారు. 1954లో సిరక్యూస్ జట్టు యజమాని డానీ బయాసోన్ ఒక లెక్క వేశాడు. మ్యాచ్ 48 నిమిషాలు, అంటే 2880 సెకన్లు. చూడటానికి బాగున్న మ్యాచ్‌లో రెండు జట్లూ కలిపి 120 షాట్ల దాకా వేస్తాయి. 2880ని 120తో భాగిస్తే 24. ఆ 24 సెకన్ల గడియారమే ఇప్పటికీ నడుస్తోంది. నాకు తెలిసిన రూల్ మార్పులన్నిటిలోకీ ఇంత ముచ్చటైన లెక్క మరొకటి లేదు.

కబడ్డీలో ఇదే పని 2014లో ప్రో కబడ్డీ చేసింది. ముందున్న జట్టు రైడర్ బాక్ లైన్ (అవతలి కోర్టులో తప్పక దాటాల్సిన గీత) దాటి ఊరికే వెనక్కి వచ్చేసి కాలం గడిపేస్తుంటే చూసేవాడు చానల్ మార్చేస్తాడు. అందుకే వరసగా రెండు రైడ్లు ఖాళీగా పోతే మూడోది డూ ఆర్ డై, పాయింట్ తేకపోతే రైడర్ ఔట్. దానికి నేను చప్పట్లు కొడతాను. కానీ 30 సెకన్ల గడియారం దగ్గర మాత్రం గుండె కాస్త కలుక్కుమంటుంది. కూత ఆపకూడదన్న రూల్ ఇప్పటికీ ఉంది. అయితే ఆ గొడవలో, ఆ పాటల మోతలో కూత ఎవడు వింటున్నాడు? ఒకప్పుడు రైడ్ ఎంతసేపన్నది వాడి ఊపిరి తేల్చేది. అవతలి జట్టు కూడా చెవి ఒగ్గి, గొంతు ఎక్కడ తడబడుతుందా అని కాచుకునేది. మీరు మొదట్లో అడిగారే, మీకు తెలియకుండా పోయినదేమైనా ఉందా అని, దానికి వాలీబాల్ కంటే ఇదే సరైన సమాధానం.

నాన్నగారితో కూర్చుని చూడటానికి ఒక మ్యాచ్ చెప్తాను. 1996 అట్లాంటా ఒలింపిక్స్, మగవాళ్ళ వాలీబాల్ ఫైనల్, నెదర్లాండ్స్ మీద ఇటలీ. మొదటి నాలుగు సెట్లు పాత పద్ధతి, ఐదోది ప్రతి ర్యాలీకీ పాయింట్, కాబట్టి రెండు కాలాలూ ఒకే మ్యాచ్‌లో దొరుకుతాయి. నెదర్లాండ్స్ ఐదో సెట్ 17-15తో గెలిచింది. ముందే చెప్పేశానని తిట్టుకోకండి, తెలిసి చూసినా చేతులు నలుపుకుంటారు. నాలుగో సెట్ అయ్యేదాకా స్కోరు వైపు చూడొద్దు, సర్వీస్ ఎవరి చేతిలో ఉందో చూడండి. ఐదో సెట్‌లో నాన్నగారు టీవీ సౌండ్ తగ్గించమంటే వచ్చి ఇక్కడ రాయండి.